కలివి పొదల దారిలో

నెల్లూరు నుంచి పొదలకూరు మీదుగా రాపూరు పోతుంటే దారి పొడవునా నిమ్మతోటలు కనిపిస్తాయి. రాపూరు దాటి పెంచలకోన వైపు తిరిగాక వెలిగొండలు దగ్గరపడి, ముళ్లకంపలు మొదలవుతాయి. పెనుశిల నరసింహస్వామి దర్శనం పొద్దున్నే అయిపోయింది. ఇక మిగిలిన రోజంతా ఆ కంపల కోసమే. ఆ కంపల్లో బతికే అరుదైన పిట్ట కలివికోడి పేరు ఇక్కడివాళ్ల నోట ఇంకా ఉందేమో వినాలన్నది నా కోరిక.

గోనుపల్లి దగ్గర మేకలు మేపుతున్న ఒక పెద్దాయన కలివి పొద చూపించాడు. నడుమెత్తు ఉంది. కొమ్మ కొమ్మకీ జంటముళ్లు, చిన్న దళసరి ఆకులు. ఆకు తుంచితే తెల్లటి పాలు కారాయి. పండ్ల కాలం కాదు గానీ, పచ్చికాయ ఎంత పులుపో, నల్లగా పండాక ఎంత తీపో ఆయన నోరూరేలా చెప్పాడు. పొదకీ పొదకీ మధ్య గులకరాళ్ల నేల, అక్కడక్కడా చెదల పుట్టలు. కలివికోడికి కావలసింది సరిగ్గా ఇలాంటి చోటే. అది ఎగరడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. పొదలు మరీ దట్టమైనా ఉండలేదు, మరీ పలచనైనా ఉండలేదు.

"తాతా, కలివికోడిని చూశావా?" అని అడిగాను.

"పేరు విన్నా నాయనా, పిట్టను మాత్రం చూళ్లేదు. తీతువు తెలుసు, జెముడుకాకి తెలుసు."

ఆ జెముడుకాకి పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. జెముడు డొంకల్లో తిరిగేది జెముడుకాకి, కలివి పొదల్లో తిరిగేది కలివికోడి. జెముడుకాకి నిజానికి కాకి కాదు, కోకిల జాతిది. కలివికోడీ కోడి కాదు. నీటికోడి, నామాలకోడి అన్నట్టుగా, దీనికీ మనవాళ్లు కోడి అని చేర్చారు. దీని శాస్త్రీయ నామంలోని 'బైటార్క్వేటస్' రొమ్ము మీది రెండు పట్టీలను చెబుతుంది. ఇంగ్లీషు పేరు జెర్డన్స్ కోర్సర్. 1848లో దీన్ని లోకానికి తెలిపిన డాక్టర్ పేరది. ఆ జెర్డన్ మన నెల్లూరులోనే సివిల్ సర్జన్‌గా పనిచేశాడు, యానాదుల దగ్గర పిట్టల పేర్లు నేర్చుకున్నాడు. మూడు పేర్లలోనూ ఆ పిట్ట ఎక్కడ బతుకుతుందో చెప్పేది మాత్రం మన పేరొక్కటే.

1900 తర్వాత ఎవరికీ కనబడకపోయేసరికి అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో ఐతన్న అనే వేటగాడు దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఆ చుట్టుపక్కల వేటగాళ్లనే అడుగుతూ వెతికారు కాబట్టే అది బయటపడింది. ఊళ్లో పేరు బతికుంటే పిట్టను వెతకడానికి దారి ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

అందుకే, కలివి కంపను బీడు అని జేసీబీతో చదును చేస్తుంటే నాకు బాధ. కడప జిల్లాలో తెలుగుగంగ కాలువ ఈ పిట్ట నివాసం మీదుగా పోబోతే, దారి మార్చాల్సి వచ్చింది. ఆ నీళ్లే సోమశిల, కండలేరు నిండి చెన్నైకి పోతున్నాయి. నీళ్లూ కావాలి, పొదలూ ఉండాలి.

కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట, పొద్దుగూకిన కాసేపటికి కూస్తుంది. 2025 ఆగస్టులో కడప జిల్లాలో మళ్లీ దాని కూత వినబడిందన్న వార్త చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో ఉన్న పాత రికార్డింగ్ పెద్దాయనకి వినిపించాను. రెండు చిన్న ముక్కల కూత, మళ్లీ మళ్లీ వస్తుంది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ పెట్టమన్నాడు.

"ఈ పక్క విన్లేదబ్బయా. ఉదయగిరి పక్క మా బావమరిది మేకలు తోలతాడు, ఆడ కలివి జాస్తి. ఆయన్ని అడుగు" అని ఊరి పేరు చెప్పాడు. వానలు తగ్గాక ఉదయగిరి పోతున్నాను.