6 ఇళ్ల ఊళ్లో 1,600 ఓట్లు

మా మామయ్యగారు నరసరావుపేట పక్క పల్లెలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పాఠాలు చెప్పిన ముచ్చట్ల కన్నా ఎలక్షన్ డ్యూటీల ముచ్చట్లే ఆయన దగ్గర ఎక్కువ. పోలింగ్ ముందు రోజు సామాను సంచులతో ట్రాక్టరెక్కి పోవడం, రాత్రి స్కూలు బల్లల మీద పడుకోవడం, బ్యాలెట్ పెట్టెకి లక్క సీలు వేయడం, ఒకాయన పోయి రెండేళ్లయినా ఆయన ఓటు మాత్రం పొద్దున్నే పడిపోవడం... మొదలుపెడితే కంచంలో అన్నం చల్లారిపోవాల్సిందే.

మే నెలలో ఆయనా అత్తయ్యగారూ మా దగ్గరికొచ్చారు. మేముండేది కాన్సస్‌లో, ఓవర్‌లాండ్ పార్క్. వచ్చిన పది రోజులకే గుడి అయిపోయింది, మాల్స్ అయిపోయాయి, ఇండియన్ షాపుకి మూడుసార్లు వెళ్లొచ్చాం. "ఇక్కడ చూడ్డానికి ఇంకేమీ లేదా అమ్మాయ్?" అన్నారు. నిజం చెప్పాలంటే తొమ్మిదేళ్లుగా ఇక్కడుంటూ నేను కూడా లేదనే అనుకున్నా. ఎవరొచ్చినా షికాగో తీసుకెళ్లిపోవడమే. ఆ రాత్రి ఊరికే వెతుకుతుంటే, అమెరికా అంతర్యుద్ధం 1861లో ఫిరంగులతో మొదలవక ముందే ఇక్కడ ఆరేడేళ్ల పాటు ఓట్లతో, తర్వాత తుపాకులతో నడిచిందని చదివాను. దొంగ ఓట్లు అన్న మాట వినగానే మామయ్యగారు నిటారుగా కూర్చున్నారు. ఇంకేముంది, శనివారం ప్రయాణం.

మా ఆయనకి ఆ వారం ఆన్‌కాల్. కాబట్టి డ్రైవింగ్ నేనే. అత్తయ్యగారు పులిహోర కట్టారు, పెరుగన్నం కట్టారు, చాలదేమోనని మళ్లీ పది చపాతీలు చేశారు.

మొదట ఇంటి దగ్గర్లోనే, ఫెయిర్‌వేలో ఉన్న షానీ మిషన్. ఎర్ర ఇటుక భవనాలు, చుట్టూ పచ్చిక. లోపల చూడ్డం కుదర్లేదు, బయట నుంచే తిరిగాం. ఒకప్పుడిది షానీ తెగ పిల్లల కోసం మెథడిస్టు మిషనరీ థామస్ జాన్సన్ నడిపిన బడి. మేముండే జాన్సన్ కౌంటీకి ఆ పేరు ఈయన వల్లే వచ్చిందట. ఇన్నేళ్లు ప్రతి కవరు మీదా, ప్రతి పన్ను కాగితం మీదా ఆ పేరు చూశాను, ఎవరీ జాన్సన్ అని ఒక్కసారైనా అనుకోలేదు. ఈ పాదిరిగారి దగ్గరా బానిసలు ఉండేవాళ్లు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. కార్లో మామయ్యగారికి చెప్పినట్టే చెప్తా. 1820లో మిస్సోరీని బానిసత్వం ఉన్న రాష్ట్రంగా చేర్చుకున్నప్పుడు ఉత్తరాది, దక్షిణాది వాళ్లు ఒక రాజీ కుదుర్చుకున్నారు. మ్యాపు మీద 36 డిగ్రీల 30 నిమిషాల దగ్గర అడ్డంగా ఒక గీత, దానికి పైనున్న కొత్త భూముల్లో, మిస్సోరీ ఒక్కటి తప్ప, బానిసత్వం ఉండకూడదు. ఆ గీత ముప్ఫై నాలుగేళ్లు నిలిచింది. 1854లో ఇలినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ దాన్ని చెరిపేశాడు. రైలు మార్గం పడమటికి పోవాలంటే ముందు ఈ భూముల్లో ప్రభుత్వం ఏర్పడాలి, అందుకు దక్షిణాది ఓట్లు కావాలి. దక్షిణాది వాళ్లు అడిగిన ధర ఆ గీత. కాన్సస్, నెబ్రాస్కా అని రెండు టెరిటరీలు (అంటే ఇంకా రాష్ట్రం హోదా రాని ప్రాంతాలు) చేసి, బానిసలు ఉండాలా వద్దా అన్నది అక్కడ స్థిరపడే జనమే ఓటేసి తేల్చుకుంటారని చట్టం చేశారు. ఆ భూముల్లో అప్పటికే ఉన్న ఇండియన్ తెగలు ఎవరి లెక్కలోనూ లేరు.

"వినడానికి బాగానే ఉందిగా, ఓటే కదా" అన్నారు మామయ్యగారు. తర్వాత వెంటనే ఆయనే, "మరి ఓటరు లిస్టు ఎవరు రాశారు?" అన్నారు.

అదీ అసలు ప్రశ్న. 1855 మొదట్లో జనాభా లెక్క తీశారు. సుమారు 8,600 మంది ఉంటే ఓటు హక్కున్న మగవాళ్లు 2,905. మార్చి 30న శాసనసభకి పోలింగ్ పెడితే పడ్డ ఓట్లు 6,307. పక్క రాష్ట్రం మిస్సోరీ నుంచి వేలమంది బళ్లు కట్టుకుని, తుపాకులూ కత్తులూ పట్టుకుని వచ్చి ఓట్లు గుద్దేసి వెళ్లిపోయారు. ఎక్కువ మంది ఆ సాయంత్రమో మర్నాడో ఇల్లు చేరిపోయి ఉంటారు, అంత దగ్గర. అలా గెలిచిన సభ కూర్చుని చట్టాలు చేసింది ఈ షానీ మిషన్‌లోనే. పై సభకి అధ్యక్షుడు ఆ పాదిరిగారే. బానిస పారిపోవడానికి సాయం చేస్తే మరణశిక్ష దాకా పోవచ్చు. ఈ టెరిటరీలో బానిసల్ని ఉంచుకునే హక్కు లేదని నోటితో అన్నా, రాసినా కనీసం రెండేళ్ల జైలు. బానిసత్వం వద్దన్న వాళ్లు దీన్ని బోగస్ శాసనసభ అని పిలిచి, టొపీకాలో తమకంటూ వేరే ప్రభుత్వం పెట్టుకున్నారు. అంటే ఒకే ప్రాంతానికి రెండు ప్రభుత్వాలు.

మామయ్యగారు కాసేపు లెక్క వేసుకున్నారు. "రెండు వందల శాతం పైమాటే. మా దగ్గర మరీ తెగించిన బూతులో కూడా తొంభై ఎనిమిది దగ్గర ఆపేవాళ్లు, సిగ్గుండి" అన్నారు.

లారెన్స్‌కి ముప్పావు గంట. మసాచుసెట్స్ అనే మెయిన్ రోడ్డు మీద శనివారం రద్దీ, కాఫీ షాపులు, యూనివర్సిటీ పిల్లలు. బానిసత్వం వద్దనే వాళ్లని ఇక్కడ స్థిరపరచడానికి న్యూ ఇంగ్లండ్ నుంచి ఒక కంపెనీ పనిగట్టుకుని మనుషుల్ని పంపింది, వాళ్లు కట్టిన ఊరే ఇది. మనుషుల వెనకే షార్ప్స్ తుపాకులు కూడా వచ్చాయి. వాటికి బీచర్ బైబిళ్లని పేరు, హెన్రీ వార్డ్ బీచర్ అనే పాదిరి వాటిని పంపమని ప్రచారం చేశాడని. అత్తయ్యగారికి ఇది అస్సలు నచ్చలేదు. ఒక పాదిరి బానిసల్ని ఉంచుకోవడమేంటి, ఇంకో పాదిరి తుపాకులు పంపడమేంటి అని.

ఆ రోడ్డు మీదే ఎల్‌డ్రిడ్జ్ హోటల్ ఉంది. ఇప్పుడున్న భవనం 1920ల నాటిది కానీ అదే చోట 1856లో ఫ్రీ స్టేట్ హోటల్ ఉండేది. ఆ ఏడాది మే 21న, బానిసత్వం కావాలనే పక్షానికి చెందిన షెరిఫ్ శామ్యూల్ జోన్స్ కొన్ని వందల మందిని వెంటేసుకుని ఊరి మీద పడ్డాడు. హోటల్‌ని ఫిరంగితో కొట్టి, కూలకపోతే తగలబెట్టారు. రెండు పత్రికల ప్రెస్సులు పగలగొట్టి అచ్చు అక్షరాలు తీసుకెళ్లి నదిలో పోశారు. ఇంత చేసినా చచ్చిపోయింది ఒక్కడే, అదీ వచ్చినవాళ్లలోనే ఒకడి మీద గోడ ముక్క పడి. సరిగ్గా మర్నాడు, అక్కడ వాషింగ్టన్‌లో, కాన్సస్ గురించి ఘాటుగా మాట్లాడిన సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ని దక్షిణ కరోలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్ హాల్లోనే చేతికర్రతో రక్తం కారేలా బాదాడు. సమ్నర్ మళ్లీ పూర్తిగా పనిలోకి రావడానికి మూడేళ్లు పట్టింది. బ్రూక్స్‌కేమో అభిమానులు కొత్త కర్రలు పంపారు.

హోటల్ ముందు ఫొటో దిగి, పార్కింగ్ దొరక్క తిప్పలు పడి, లెకాంప్టన్ దారి పట్టాం.

ఈ ట్రిప్పులో నాకు బాగా గుర్తుండిపోయేది లెకాంప్టనే. ఇప్పుడు కొన్ని వందల మంది ఉండే చిన్న ఊరు, మన మండల కేంద్రంలో సగం కూడా ఉండదు. అప్పుడు టెరిటరీ రాజధాని. రెండంతస్తుల తెల్ల చెక్క మేడ ఒకటి ఉంటుంది, కాన్‌స్టిట్యూషన్ హాల్. పైకెక్కితే మొత్తం ఒకటే గది, నడుస్తుంటే నేల కిర్రుమంటుంది. 1857 శరదృతువులో ఇక్కడే కూర్చుని కాన్సస్‌కి బానిసత్వం ఉండే రాజ్యాంగం రాశారు. అందులో ఒక వాక్యం ఏమంటుందంటే, ఆస్తి హక్కు ఏ రాజ్యాంగం కన్నా ముందుది, పైది. బానిస మీద, ఆ బానిసకి కలిగే సంతానం మీద యజమానికున్న హక్కు మిగతా ఏ ఆస్తి మీదున్న హక్కుకీ తీసిపోదు. నేను తెలుగులో చెప్తుంటే అత్తయ్యగారు ఆపారు. "అంటే గేదెకి దూడ పుడితే గేదెగలవాడిదే అన్నట్టా?" అవును, అచ్చం అలాగే. ఆవిడ అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయారు. మోకాళ్ల నొప్పి అన్నారు.

జనం ఆమోదం కోసం డిసెంబరులో ఓటింగ్ పెట్టారు. అదీ ఎలా? బానిసత్వంతో కూడిన రాజ్యాంగం కావాలా, బానిసత్వం లేని రాజ్యాంగం కావాలా. రాజ్యాంగమే వద్దు అనడానికి వీల్లేదు. రెండోది ఎంచుకున్నా అప్పటికే ఉన్న బానిసలు బానిసలుగానే ఉంటారు. వద్దన్నవాళ్లు ఆ పోలింగ్‌కి వెళ్లనే లేదు. 1858 జనవరి 4న వేరే పోలింగ్ జరిగింది, ఈసారి రాజ్యాంగమే కావాలా వద్దా అని. వద్దని 10,226 ఓట్లు పడ్డాయి.

దొంగ ఓట్ల దగ్గరికి మళ్లీ వస్తా, ఎందుకంటే మామయ్యగారు అక్కడి నుంచి కదల్లేదు. 1857 అక్టోబరు ఎన్నికల్లో మా జాన్సన్ కౌంటీలోనే, మిస్సోరీ సరిహద్దునానుకుని ఆక్స్‌ఫర్డ్ అనే కుగ్రామం ఉండేది. ఆరు ఇళ్లు. అక్కడి నుంచి 1,600 పైచిలుకు ఓట్లు వచ్చాయి. పేర్లు ఎక్కడివంటే ఒహాయోలోని సిన్సినాటి నగరపు పాత డైరెక్టరీ చూసి వరసగా ఎక్కించారు. ఆ కాగితపు చుట్ట విప్పితే యాభై అడుగులు. గవర్నరు వాకర్ స్వయంగా దక్షిణాది మనిషే, అయినా అదంతా కొట్టేశాడు. ఇంకో ఎన్నికలో దిద్దిన ఓట్ల కాగితాలు ఈ లెకాంప్టన్‌లోనే, సర్వేయర్ జనరల్ ఆఫీసు దగ్గర కట్టెల మోపు కింద, కొవ్వొత్తుల పెట్టెలో పాతిపెట్టి ఉండగా దొరికాయి.

మామయ్యగారు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. "డైరెక్టరీ చూసి రాయడం మావాళ్లకి తట్టలేదమ్మా. చచ్చినవాళ్ల పేర్లతోనే సరిపెట్టుకునేవాళ్లం." అక్కడుండే పెద్దాయనకి నేనిది ఇంగ్లిష్‌లో చెప్తే ఆయనా నవ్వాడు. తర్వాత వాళ్లిద్దరూ వేలికి పెట్టే సిరా చుక్క గురించి, చేతులతోనే, చాలాసేపు మాట్లాడుకున్నారు.

అంతసేపూ మామయ్యగారు మనసులో ఉత్తరాది పార్టీ కట్టేశారు. "మనవాళ్లు", "మనవాళ్లు" అంటున్నారు. కార్లో పులిహోర తింటుండగా చెప్పక తప్పలేదు. ఆ మనవాళ్లే 1855 డిసెంబరులో టొపీకా రాజ్యాంగంతో పాటు ఇంకో ఓటు కూడా వేశారు, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లు కూడా కాన్సస్‌లోకి రాకూడదని. అది భారీగా నెగ్గింది. బానిసత్వం పాపం అనుకున్నవాళ్లు వాళ్లలో కొందరే. మిగతావాళ్లకి తమ పొలం పక్కన బానిసల చేత ఊరికే చేయించుకునే కామందు ఉండకూడదు, అంతే. 1855 జనాభా లెక్కలో కాన్సస్‌లో ఉన్న బానిసలు రెండు వందల లోపే. వాళ్ల గురించి ఇన్ని ఎన్నికలు, రెండు ప్రభుత్వాలు, నాలుగు రాజ్యాంగాలు. వాళ్ల పేరు ఏ ఓటరు లిస్టులోనూ లేదు. సిన్సినాటిలో ఉన్న వాడి పేరు ఉంది.

మామయ్యగారు ఆ తర్వాత మనవాళ్లు అనలేదు.

బాల్డ్విన్ సిటీ దగ్గర బ్లాక్ జాక్ అనే యుద్ధభూమి. కంకర రోడ్డు, పైగా ఫోను చూపించిన దారి ఎవరిదో పొలం గేటు దగ్గరికి తీసుకెళ్లి వదిలింది. వెనక్కి తిరిగి వెళ్తే ఒక బోర్డు, చెట్లు, నడుములోతు గడ్డి, విపరీతమైన గాలి. ఇక్కడ జాన్ బ్రౌన్ గురించి చెప్పాలి, బానిసత్వాన్ని ఆయుధం పట్టి ఎదిరించిన తెల్లాయన. లారెన్స్ మీద దాడి జరిగిన మూడో రాత్రి, ఆయన కొడుకులతో సహా కొద్దిమందిని వెంటబెట్టుకుని పాటవాటమీ వాగు దగ్గర తలుపులు తట్టి, ఐదుగురు మగవాళ్లని బయటికి లాక్కెళ్లి కత్తులతో నరికించాడు. అందులో డాయిల్ అనే ఆయన, ఇద్దరు కొడుకులు. పదహారేళ్ల మూడో కొడుకుని తల్లి మహేలా బతిమాలుకుంటే వదిలేశారు. ఆ డాయిల్స్‌కి బానిసలు లేరు.

రాత్రి తలుపు తట్టడం అనగానే మామయ్యగారు నడక ఆపారు. పల్నాటి మనిషికి ఆ మాట వేరేగా వినిపిస్తుంది. నేను చదివిన పుస్తకాల్లో బ్రౌన్ మహానుభావుడు, కొన్నిట్లో పిచ్చివాడు. అక్కడ గాలిలో నిలబడి నాకేమీ తేలలేదు. బానిసలు మనుషులేనని మాటలో, చేతలో నమ్మిన అతి కొద్దిమంది తెల్లవాళ్లలో ఆయనొకడు, ఆ తల్లి కళ్లముందు నుంచి భర్తని, ఇద్దరు కొడుకుల్ని తీసుకెళ్లినవాడూ ఆయనే.

ఆయన్ని పట్టుకోవడానికి హెన్రీ క్లే పేట్ అనే అతను వస్తే, 1856 జూన్ 2న బ్రౌన్ మనుషులే ఇక్కడ దాడి చేశారు. మూడు గంటలు కాల్చుకున్నాక పేట్ లొంగిపోయాడు. అంతర్యుద్ధంలో మొదటి పోరు ఇదేనని ఈ ప్రాంతం వాళ్లు గట్టిగా అంటారు. తర్వాత సైన్యం వచ్చి బందీల్ని విడిపించింది. అందులో జెబ్ స్టూవర్ట్ అనే కుర్ర ఆఫీసరు ఉన్నాడు. మూడేళ్ల తర్వాత వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఊళ్లో ఆయుధాగారం మీద దాడి చేసి చిక్కిన గడ్డం ముసలాయన్ని చూసి, ఈయన బ్రౌనే అని గుర్తుపట్టింది అతనే.

గడ్డిలోంచి వచ్చేసరికి మామయ్యగారి పిక్క మీద పిడుదు. అత్తయ్యగారు ఒకటే కేకలు. ట్వీజర్స్‌తో లాగేశాం.

తిరుగు దారిలో మిగతా కథ చెప్పేశా. లెకాంప్టన్ రాజ్యాంగాన్ని అధ్యక్షుడు బుకానన్ నెత్తిన పెట్టుకుంటే, ఓటుతో తేల్చుకోమన్న డగ్లస్సే ఇది మోసమని ఎదురు తిరిగాడు. ఆ గొడవలో 1858 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభలో అర్ధరాత్రి రెండింటికి సభ్యులు కలబడి కొట్టుకున్నారు. బార్క్స్‌డేల్ అనే ఆయన విగ్గు ఊడి వచ్చింది. దాన్ని తిరగేసి పెట్టుకుంటే అందరూ నవ్వి కొట్లాట ఆగిందట. ఏప్రిల్‌లో ఆ సభ రాజ్యాంగాన్ని 120–112తో ఆపింది. డెమొక్రాట్లు చీలిపోయారు, 1860లో, బానిసత్వం కొత్త భూములకి పాకకూడదన్న లింకన్ అధ్యక్షుడిగా గెలిచాడు, దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటీ బయటికి నడిచాయి. వాళ్ల సెనేటర్లు ఖాళీ చేశాక, 1861 జనవరి 29న కాన్సస్ బానిసత్వం లేని రాష్ట్రంగా చేరింది. ఏప్రిల్‌లో యుద్ధం.

ఇంటికెళ్లేముందు ఆ ఆక్స్‌ఫర్డ్ ఎక్కడో చూడాల్సిందేనని మామయ్యగారు పట్టుబట్టారు. ఇప్పుడక్కడ ఆ ఊరు లేదు. లీవుడ్ వైపు స్టేట్ లైన్ రోడ్డుంటుంది, ఒక పక్క కాన్సస్, ఇంకో పక్క మిస్సోరీ. ఆ చుట్టుపక్కలే ఎక్కడో అని చెప్పి ఒక సిగ్నల్ దగ్గర కారు ఆపాను. ఆయన దిగి, నడిచే బొమ్మ వెలిగేదాకా ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు దాటి మిస్సోరీలోకి వెళ్లారు. అక్కడ ఒక్క క్షణం నిలబడి, మళ్లీ బొమ్మ వెలిగాక తిరిగొచ్చారు. వాచీ చూసుకున్నారు.

"నాలుగు నిమిషాలు" అన్నారు కారెక్కుతూ. "అందులో మూడు సిగ్నల్‌కే."