స్టేషన్‌కి ఎందుకు వెళ్లడు?

మామూలు మనిషిని ఎవరో బెదిరిస్తుంటారు. ఎవరో తెలియదు, ఎందుకో తెలియదు. ఇలాంటి కథతో షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునే కుర్రాళ్లు బెజవాడ, గుంటూరుల్లో చాలామందే ఉన్నారు. రాయడం మొదలుపెట్టేముందు ఫ్రెడ్ కవాయే 2010లో తీసిన ఫ్రెంచ్ సినిమా ఒకటి చూడండి. ఇంగ్లీషులో ‘పాయింట్ బ్లాంక్’ పేరుతో దొరుకుతుంది. నిడివి గంటన్నర కూడా ఉండదు.

అందులో హీరో శామ్యూల్. పారిస్‌లో ఒక ఆసుపత్రిలో చిన్న ఉద్యోగి, నర్సు కావాలని చదువుకుంటున్నాడు. రాత్రి డ్యూటీలో ఒక పేషెంటును చంపబోతే అడ్డుపడి బతికిస్తాడు. చేసిన తప్పల్లా అదే. గర్భిణి అయిన భార్యను ఎత్తుకుపోయి, ఆ పేషెంటునే బయటికి తీసుకురమ్మంటారు. వాళ్లు అతన్నే ఎందుకు పట్టుకున్నారంటే ఆ వార్డులోకి అతను తిన్నగా వెళ్లగలడు కాబట్టి. ఉద్యోగమే అతన్ని ఇరికించింది.

ఇక్కడే ప్రేక్షకుడు అడుగుతాడు: ‘పోలీసులకు చెప్పొచ్చుగా?’ దీనికి జవాబు లేకపోతే తర్వాత ఎన్ని ఛేజింగులు పెట్టినా కథ నిలబడదు. శామ్యూల్ కథలో పోలీసుల్లోనే దొంగలున్నారు. 2006 నాటి ‘టెల్ నో వన్’లో పిల్లల డాక్టరు బెక్‌ను భార్య హత్య కేసులో పోలీసులే అనుమానిస్తారు. షార్ట్ ఫిల్మ్‌కి ఈ రెండో దారే మేలు. మొత్తం డిపార్ట్‌మెంట్ కుళ్లిందని ఇరవై నిమిషాల్లో నమ్మించడం కష్టం. ఒక్క మనిషి మీదికి అనుమానం మళ్లించడానికి ఒక కాగితం చాలు.

గుంటూరులో ఆ కాగితం గేట్ పాస్. కోల్డ్ స్టోరేజీ గుమాస్తాను హీరోగా పెట్టండి. రైతులు దాచుకున్న మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, రెండొందలు మాయమయ్యాయి, గేట్ పాస్ మీద ఇతని సంతకం ఉంది. ఇతను పెట్టింది కాదు, కానీ అచ్చం ఇతనిదే. స్టేషన్‌కి వెళితే మొదటి ముద్దాయి తనే. ఇదంతా నాలుగో పేజీ దాటకుండా తేలిపోవాలి, పేజీకి నిమిషం లెక్కన. కథ శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టండి. శని, ఆదివారాలు మిర్చి మార్కెట్ యార్డుకు సెలవు, సాక్ష్యం చెప్పేవాళ్లు కనపడరు.

బెదిరింపు ఫోన్లు చాలా స్క్రిప్టుల్లో చెడిపోతాయి. అవతలివాడు పేజీలకు పేజీలు మాట్లాడతాడు, నవ్వుతాడు, తన పగ కథంతా చెప్పేస్తాడు. మూడు ముక్కలు చాలు: ఏం చేయాలి, ఎక్కడికి రావాలి, ఎప్పటిలోగా. ఎందుకన్నది చెప్పకూడదు. గొంతులో మర్యాద తగ్గకూడదు కూడా. ‘సుబ్బారావు గారూ, పాప ఇవాళ ట్యూషన్ నుంచి పావుగంట ముందే వచ్చేసిందండి’ అని పెట్టేస్తే చాలు, అరుపులు అక్కర్లేదు.

దారి కూడా లెక్క చూసుకుని రాయండి. గుంటూరు నుంచి బెజవాడ సుమారు 35 కిలోమీటర్లు. సాయంత్రం పూట వారధి దిగి బస్టాండు మీదుగా రైల్వేస్టేషన్ చేరేసరికి గంట పైనే పట్టొచ్చు. నలభై నిమిషాల్లో రమ్మన్నారంటే ఊపిరాడదు. ‘ఓనరు కారులోనే రండి’ అన్నారనుకోండి, అందులో ఇంకో ఉచ్చు ఉంది. కాజా టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌లో కారు వెళ్లిన టైము నమోదవుతుంది. బైకు మీద వెళితే టోల్ కట్టే పనే లేదు. రేపు కేసులో ఆ ఫాస్టాగ్ రికార్డే అతనికి ఎదురు తిరుగుతుంది.

సెకండాఫ్‌లో గుమాస్తా నలుగురిని కొట్టాడంటే మొదటి సగం కష్టం వృథా. 2015లో వచ్చిన ‘చీకటి రాజ్యం’ మూలం కూడా ఫ్రెంచ్ సినిమానే, కానీ అందులో హీరో పోలీసు కాబట్టి చెల్లింది. గుమాస్తాకు దెబ్బ తగిలితే చివరి షాట్ దాకా కుంటాలి. అతను గెలవాలంటే తన పని తెలిసినవాడిగానే గెలవాలి. మిర్చి బస్తాల మధ్య వెంటాడనివ్వండి. ఆ ఘాటు అతనికి అలవాటే. వెంటపడ్డవాళ్లకు పది అడుగుల్లో దగ్గు పట్టుకుంటుంది, చీకట్లో ఎవరెక్కడున్నారో ఆ దగ్గే చెప్పేస్తుంది.

ఈ సీనులో నిజం మిర్చి పైవరస టిక్కీల్లోనే ఉంచి, కింద ఊక నింపినవి పేర్చండి. ఆయాసం ఉన్నవాళ్లను లోపలికి రానివ్వొద్దు. షాట్‌కీ షాట్‌కీ మధ్య అందరినీ బయటికి పంపండి. చేతులు మండితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఉత్త నీళ్లకు ఆ మంట పోదు.