మేడ మీద సెలవు బడి, మే మూడో వారం: మొండికేసిన ఎండ గడియారం

ఎండ గడియారం ఈ వారం కూడా లొంగలేదు. ఫోనులోని సమయంతో పోల్చి చూస్తే ఉదయం ఎనిమిదింటికి 8 నిమిషాలు, నడిమధ్యాహ్నం 11 నిమిషాలు, సాయంత్రం నాలుగింటికి 14 నిమిషాలు ముందు నడుస్తోంది. ముందు నడవడం తప్పేమీ కాదు. మే నెల నడిమిన విశాఖపట్నంలో సరిగ్గా అమర్చిన ఎండ గడియారం దాదాపు 7 నిమిషాలు ముందు నడిచి తీరాలి. అయితే ఆ ఏడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏడుగానే ఉండాలి. పూట పూటకూ ఒక లెక్క చూపించే గడియారాన్ని మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల ముందు పెట్టి కాలం కొలవడం నేర్పాలంటే ఎంత చిరాకుగా ఉంటుందో ఇటువంటివి చేసి చూసినవారికే తెలుస్తుంది.

మిగతా పాఠాలన్నీ సాఫీగానే సాగుతున్నాయి. తడిగుడ్డలో కట్టిన పెసలు, బొబ్బర్లు మొలకెత్తి, కుండీల్లోకి చేరి, రెండేసి ఆకులు వేశాయి. రామకృష్ణా బీచ్ నుంచి తెచ్చిన నీటిని స్టీలు పళ్ళెంలో ఎండబెడితే అడుగున ఉప్పు మిగిలింది. పరిసరాల విజ్ఞానంలో బాష్పీభవనం పాఠం అంతటితో పూర్తయింది. తెలుగుకు రోజూ ఐదు వాక్యాల నీడల దినచర్య, ఇంగ్లీషుకు గడియారం తయారీ సూచనలు. మొక్క ఎత్తుల పట్టిక గీయడంలో మూడో తరగతివాళ్ళే పెద్దవాళ్ళకంటే శుభ్రంగా ఉన్నారు. జూన్ రెండో వారంలో బడులు తెరిచేలోగా అన్ని సబ్జెక్టులనూ ఒకే వస్తువు చుట్టూ తిప్పాలన్నది నా పంతం. ఆ వస్తువు ఈ గడియారమే కనుక మిగిలినవి ఎంత బాగున్నా మనసు అక్కడికే పోతోంది.

ముందుగా ఆ ఏడు నిమిషాల సంగతి, ఎందుకంటే ఈ వేసవి గణితమంతా అందులోనే ఉంది. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరిగితే ఒక్క డిగ్రీకి ఎంత సమయం పడుతుందని అడిగాను. ఐదో తరగతి పూర్తిచేసిన కుర్రవాడు 24ను 60తో గుణించి 1440 నిమిషాలు తెచ్చి, దాన్ని 360తో భాగించి, 4 నిమిషాలని పలక మీద వేసి చూపించాడు. మన దేశపు ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. ఎంవీపీ కాలనీలో మా మేడ ఉన్నది 83.3 దగ్గర. తేడా 0.8, దాన్ని 4తో గుణిస్తే 3.2 నిమిషాలు. ఆ రేఖ మీద ఉన్నవారికంటే మనకు సూర్యుడు అంత ముందుగా నడినెత్తికి వస్తాడన్నమాట. దశాంశాల గుణకారం ఎందుకని గొణిగేవాళ్ళు ఆ తరువాత గొణగలేదు. మిగిలిన 3.7 నిమిషాలు కాల సమీకరణం వాటా. భూమి కక్ష్య నిండు వృత్తం కాకపోవడం వల్లా, భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండడం వల్లా సూర్యుడు చూపే సమయానికీ గడియారం సమయానికీ నడుమ ఏడాది పొడవునా మారుతుండే తేడా అది. ఈ వయసులో దాని పుట్టుపూర్వోత్తరాలు అక్కరలేదు కనుక పట్టికలో చూసి కలుపుకోమన్నాను.

నీడ లేని రోజు ప్రయోగం మాత్రం పండగలా జరిగింది. మా అక్షాంశం 17.7 డిగ్రీలు కావడంతో మే 10, 11 తేదీల ప్రాంతంలో ఉదయం 11 గంటల 53 నిమిషాలకు నిలువు కర్ర నీడ దాని మొదట్లోనే మాయమవుతుంది. ఆగస్టు మొదటి రోజుల్లో మళ్ళీ అదే జరుగుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న రోజులే నాకు ఇంకా ఇష్టం. ఈ వారం నడిమధ్యాహ్నం 30 సెంటీమీటర్ల కర్ర నీడ సెంటీమీటరుకు కాస్త తక్కువగా, దక్షిణం వైపు పడింది. నాలుగో తరగతి పాప దాని పక్కన గొంతుకూర్చుని, స్కేలు పెట్టి కొలిచి, "తాతగారూ, మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందన్నారు కదండీ, ఇది అటేపు పోతోందేంటి?" అంది. సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళాడని చెబితే నమ్మకుండా, గొడుగు నీడలో నిలబడి తలెత్తి, ఎండ ఏ వైపునుంచి జారుతోందో తానే చూసుకుని, ఆ రోజు దినచర్యలో ఐదు వాక్యాలకు బదులు తొమ్మిది రాసింది. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ పిల్లలకు ఈ వింత చూసే అవకాశం ఏడాదిలో ఒక్కనాడూ ఉండదు.

ఇక మొండి గడియారం. నేల మీద పరిచే పలక రకాన్ని మొదట్లోనే పక్కన పెట్టేశాను. మన అక్షాంశంలో దాని గంట గీతలు మధ్యాహ్నం దగ్గర ఇరుక్కుపోతాయి. పదకొండుకూ పన్నెండుకూ నడుమ 4.7 డిగ్రీలే దక్కుతాయి. 15 సెంటీమీటర్ల దూరంలో అది 1.2 సెంటీమీటర్లు. ఒక్క నిమిషానికి 0.2 మిల్లీమీటర్లు వస్తే పిల్లలు ఏం చదవగలరు? అందుకని భూమధ్యరేఖకు సమాంతరంగా నిలబెట్టే బిళ్ళ రకం చేశాను. ఇందులో ప్రతి గంటకూ సమానంగా 15 డిగ్రీలు ఉంటాయి కనుక కోణమానినితో మూడో తరగతివాళ్ళే గీతలు గీశారు. 15 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి గంటకు 3.9 సెంటీమీటర్లు దక్కింది. బిళ్ళ 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు, అంటే ప్లాస్టిక్ నురుగు అట్ట. నడుమ గుచ్చిన సైకిల్ చువ్వ మందం 2 మిల్లీమీటర్లు. చువ్వ ఉత్తరం వైపు 17.7 డిగ్రీల ఎత్తున చూడాలి. బిళ్ళ దానికి లంబంగా ఉండాలి కనుక దాని పై అంచు కొంచెం దక్షిణానికి వాలి ఉంటుంది. వేసవిలో ఎండ ఉత్తరపు ముఖం మీద పడుతుంది.

రావలసిన ఏడు తీసేస్తే ఉదయం 1, మధ్యాహ్నం 4, సాయంత్రం 7 నిమిషాలు అదనంగా మిగులుతున్నాయి. నా మొదటి అనుమానం దిక్కు మీద. ఫోను దిక్సూచిని మేడ మీద ఒక చోటునుంచి ఇంకో చోటికి జరిపితే ఉత్తరం 8 డిగ్రీలదాకా మారింది. ఇక్కడ అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి, ఇది స్లాబులోని ఇనుప చువ్వల నిర్వాకమే అయి ఉండాలి. ఫోనును నమ్మడం మానేసి, సూర్యసిద్ధాంతమనే మన ప్రాచీన ఖగోళ గ్రంథంలో చెప్పిన పాత పద్ధతికి వచ్చాను. శంకువు, అంటే నిలువుగా పాతిన కర్ర, చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకిన చోటా, మధ్యాహ్నం తరువాత దాటిన చోటా గుర్తులు పెట్టి, ఆ రెంటినీ కలిపి తూర్పు పడమరల గీత తెచ్చుకోవడం పిల్లలకు జ్యామితి పాఠంగా కూడా పనికి వచ్చింది. ఆపైన గడియారాన్ని కావాలనే 5 డిగ్రీలు తిప్పి చూశాను. ఎనిమిదింటి లెక్కా నాలుగింటి లెక్కా ఒకే వైపుకు మూడు నిమిషాల లోపు జరిగాయి, మధ్యాహ్నం లెక్క దాదాపు కదలలేదు. ఉదయం 1, సాయంత్రం 7, సగటు 4. మధ్యాహ్నం తప్పు కూడా 4. దిక్కు తప్పయితే ఈ సగటు మధ్యాహ్నంతో కలవదు. సగటు అన్నది పరీక్షలో మార్కులు కలపడానికి మాత్రమే కాదని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కాబట్టి తప్పులు రెండు. రోజంతా మారకుండా ఉన్న 4 నిమిషాలు ఒకటి, పొద్దున మైనస్ 3, సాయంత్రం ప్లస్ 3గా తిరగబడేది ఇంకొకటి. మొదటిది మేడ వాలు. వాన నీరు పోవడానికి ప్రతి మేడకూ వాలు ఇస్తారు. మాది సముద్రం వైపు, అంటే తూర్పుకు. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో మట్టం చూస్తే ఒక మీటరు దూరానికి 1.8 సెంటీమీటర్ల పల్లం తేలింది. అది ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ, డిగ్రీకి నాలుగు నిమిషాలు. లెక్క అతికినట్టు సరిపోయింది. తూర్పు వైపు టైలు ముక్కలు, వాటిపైన పాత పెళ్ళి శుభలేఖల అట్టలు పెట్టి రసమట్టం బుడగను నడిమికి తెచ్చేసరికి మధ్యాహ్నం లెక్క నిమిషం లోపుకు దిగింది. మన అక్షాంశంలో ఎండ గడియారం పెట్టేవారు వేసవిలో దిక్కుకంటే తూర్పు పడమరల మట్టం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నా అభిప్రాయం.

రెండోదే నన్ను తినేస్తోంది. దారానికి నట్టు కట్టి కోణమానినితో కొలిస్తే చువ్వ 17.7కు బదులు 20.2 డిగ్రీల దగ్గర ఉంది. పొద్దునే సరిచేసి పెట్టాను. ఎనిమిదింటికి గడియారం సరిగ్గా ఏడు నిమిషాలే ముందుంది. సాయంత్రం నాలుగింటికి ఎనిమిదిన్నర నిమిషాలు. కొలిస్తే చువ్వ 19కి పోయింది. మరునాడు ఉదయం అది 19లోనే ఉండి, ఆ సాయంత్రానికి ఇంకా పైకి పోయింది. రాత్రి చల్లబడ్డాక వెనక్కి రాలేదు కనుక ఇది ఎండకు సాగి మళ్ళీ ముడుచుకునే వ్యవహారం కాదు. గాలి అనుకున్నాను. 30 సెంటీమీటర్ల బిళ్ళ నిటారుగా నిలబడితే సముద్రపు గాలికి ఊగక మానదు. నీళ్ళ ట్యాంకు చాటున పెట్టినా బిళ్ళ అలాగే వెనక్కి వాలింది. నీడలో, ఫ్యాను గాలి ఎదుట రోజంతా ఉంచితే ఏమాత్రం కదల్లేదు. అంటే దోషం వేడిదే. బిళ్ళను వెనకనుంచి మోసే త్రికోణాలను గ్లూ గన్‌తో అతికించాను. మే నెల మేడ మీద, కాలు పెట్టలేని సిమెంటు నేలకు జానెడు ఎత్తులో ఆ జిగురు మెత్తబడి, బిళ్ళ తన బరువుకు తానే దక్షిణానికి వాలుతోంది. గ్లూ గన్ బడి ప్రాజెక్టులకు, అదీ ఏసీ గదిలో ప్రదర్శనకు పనికివస్తుంది. ఎండలో నిలబడే వస్తువుకు దాన్ని వాడకండి.

అరల్డైట్‌తో మళ్ళీ అతికించాక సాయంత్రానికి 18.2. గీత దగ్గర అది అర నిమిషం పైచిలుకు తేడా మాత్రమే కనుక పిల్లలకు కనిపించదు, నాకు కనిపిస్తోంది. మిగిలిన అర డిగ్రీ సన్‌బోర్డుదే అయి ఉండాలి. అదీ ప్లాస్టిక్ నురుగే కదా. ఇంకొక చిత్రమేమిటంటే, సూర్యుడు భూమధ్యరేఖ మీదికి వచ్చే సెప్టెంబరు 23 ప్రాంతంలో చువ్వ వాలు ఎంత తప్పుగా ఉన్నా ఈ రకం తేడా దానంతటదే సున్నా అవుతుంది. అప్పుడు మొదలుపెట్టి ఉంటే ఈ లోపం డిసెంబరుదాకా నా కంట పడేది కాదు.

సామాను విషయంలో రెండు మాటలు. పూర్ణా మార్కెట్లో కొన్న చవక కోణమానినుల్లో సున్నా గీత అంచుకు సమాంతరంగా లేనివి ఉన్నాయి. తిరగేసి రెండు వైపులా కొలిచి చూసుకోండి. బయట గీతలకు స్కెచ్ పెన్నులు వారంలో వెలిసిపోతాయి, నటరాజ్ పెన్సిలు గీత మాత్రం నిలిచింది. పెన్సిలు గీత మీద సన్నని బ్రష్‌తో నల్ల ఎనామిల్ పెయింట్ వేస్తే ఇంకా మంచిది.

వచ్చే వారం బిళ్ళనూ త్రికోణాలనూ హైలం షీటుతో చేయిస్తాను. పాత స్విచ్‌బోర్డుల్లో వాడే షీటు ఎండకు వంగదు, అరల్డైట్‌ను బాగా పట్టుకుంటుంది. కోయడమే కష్టం, కురుపాం మార్కెట్ వైపు ఎవరైనా గుండ్రంగా కోసిపెడతారేమో కనుక్కోవాలి. సెప్టెంబరు తరువాత ఎండ దక్షిణపు ముఖానికి మారుతుంది కాబట్టి ఈసారి రెండు వైపులా అంకెలు వేయాలి. రెండో వైపు గంటలు ఎడమకు తిరుగుతాయి; అది ఎందుకో పిల్లలనే తేల్చమంటాను. ఈలోగా నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి కనుక కూల్‌డ్రింకు సీసా పైభాగం కోసి బోర్లించి వానమాపకం మొదలుపెట్టాలి. సీసా అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి ముందు గులకరాళ్ళు వేసి, మొదటి గీతదాకా నీరు నింపి, అక్కడినుంచి మిల్లీమీటర్లు లెక్కపెట్టడం మేలు. దాన్ని పెట్టే చోట కూడా రసమట్టం చూసుకోవాలి.