బాబాయిని విడిపించిన 'ది'

మన బ్యాచ్‌ కాలేజీ రోజుల్లో ఇంటర్‌ ఇంగ్లీషంటే ఎవరికి లెక్క? 100 మార్కుల పేపరు, 35 వస్తే గట్టెక్కినట్టే. ఎంసెట్‌లో ఇంగ్లీషు ఊసే లేదు కాబట్టి ఎంపీసీ, బైపీసీ వాళ్ళకి అది కునుకు తీసే పీరియడ్‌. సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్ళకి గుండెదడ. నాలుగు గ్రూపుల్నీ ఒకే హాల్లో కుక్కేవారు. చాలామందిమి పదో తరగతి దాకా తెలుగు మీడియమే, గైడులో ఎస్సేలు బట్టీకొట్టి గట్టెక్కిన సరుకు.

మన ఇంగ్లీషు సారు (పేరు రాస్తే కోప్పడతారు, రాయను) గైడు జోలికి పోయేవారు కాదు. బోర్డు మీద ఖాళీతో ఒక వాక్యం రాసి, "ఏం పెడతావు? పెడితే ఏమవుద్ది? తీసేస్తే ఏమవుద్ది?" అని అడిగేవారు. రూలు చెప్పడం ఆఖర్న, అదీ టైముంటేనే.

ఆర్టికల్స్‌ (ఎ, యాన్‌, ది) మొదలెట్టిన రోజు ఇంట్లోవాళ్ళ గురించి తలా ఒక వాక్యం చెప్పమన్నారు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మై అంకుల్‌ ఈజ్‌ ఇన్‌ జైల్‌ సార్‌" అన్నాడు. హాలంతా గొల్లుమంది. వాడు బిక్కమొహం వేశాడు. వాళ్ళ బాబాయి రాజమండ్రి సెంట్రల్‌ జైల్లో వార్డరు మరి. సారు నవ్వలేదు. "జైలుకి ముందు 'ది' తగిలించరా, మీ బాబాయిని విడిపించు" అన్నారు.

తర్వాత విప్పి చెప్పారు. స్కూలుకి చదువుకోడానికి వెళ్ళినా, జైలుకి శిక్ష పడి వెళ్ళినా 'ది' అక్కర్లేదు. పిల్లాడి ఫీజు కట్టడానికెళ్ళిన తండ్రి మాత్రం 'టు ది స్కూల్‌' వెళ్తాడు. ఆసుపత్రీ అంతే. అమెరికాలో రోగులు కూడా 'ఇన్‌ ది హాస్పిటల్‌' ఉంటారని అక్కడ స్థిరపడ్డ మన బ్యాచ్‌ వాళ్ళు అంటారు. నిజమే, సారు నేర్పింది బ్రిటిష్‌ వాళ్ళ పద్ధతి.

ప్రిపొజిషన్ల సంగతి ఎక్కువ రాయను. 'డిస్కస్‌ అబౌట్‌' అన్నవాడికి ఆ పూటంతా నిలబడే యోగం, 'డిస్కస్‌' పక్కన 'అబౌట్‌' అక్కర్లేదు మరి.

మాటల ఎంపిక దగ్గరే ఆయన అసలు సరదా. ఆ ఆగస్టులో గోదావరికి వరదొచ్చి ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అంటే నీటిమట్టం 11.75 అడుగులకి చేరినట్టు. గోదావరి మధ్య లంకల పిల్లలు నాలుగు రోజులు కాలేజీకి రాలేదు. వాళ్ళొచ్చాక సారు వరద మీద ఐదు వాక్యాలు రాయమని, 'వెరీ', 'బిగ్‌', 'గుడ్‌' మూడింటికీ నిషేధం పెట్టారు. అయినా సగంమంది 'గోదావరి ఈజ్‌ వెరీ బిగ్‌' అనే మొదలెట్టాం. "ఎంత పెద్దదో నాకూ కనబడుతోంది. అది ఏం చేసిందో చెప్పండి" అని కాగితాలు తిప్పికొట్టారు.

రెండోసారి ధవళేశ్వరం బరాజు గేట్ల గురించి రాస్తూ దొరికిపోయాం. నీళ్ళు వాటంతటవే పెరుగుతాయి, 'ది వాటర్‌ రోజ్‌'. గేట్లని ఎవరో ఎత్తాలి, 'దే రేజ్డ్‌ ది గేట్స్‌'. 'రేజ్‌' అన్నాక దేన్ని ఎత్తారో చెప్పకపోతే వాక్యం ఒంటికాలి మీద నిలబడుతుంది. "మన బరాజుకి 175 గేట్లు. 'ది గేట్స్‌ రోజ్‌' అని రాసి ఇరిగేషన్‌ వాళ్ళ ఉద్యోగాలు తీసెయ్యకండి" అన్నారు.

లంక నుంచి వచ్చే హెచ్‌ఈసీ అమ్మాయి ఒకతి, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పేది కాదు, 'ది వాటర్‌ ఎంటర్డ్‌ అవర్‌ కిచెన్‌' అని రాసింది. అంతే వాక్యం. మేమైతే 'ఎంటర్డ్‌ ఇంటూ' అని ఉండేవాళ్ళం, అక్కర్లేని 'ఇంటూ' తగిలించి. సారు దాన్ని బోర్డు మీద రాసి పీరియడ్‌ అయ్యేదాకా చెరపలేదు. ఎంసెట్‌ వీరులం మాకు ఆ రోజు కాస్త మంటెత్తింది కూడా.

ఒక్క లోటు చెప్పుకోవాలి. ఆ రెండేళ్ళలో రాయడం వచ్చింది గానీ మాట్లాడటం రాలేదు. మొదటి ఇంటర్వ్యూలో వాక్యమంతా మనసులో దిద్దుకుని నోరు తెరిచేసరికి ఇంటర్వ్యూ చేసేవాడు రెండో ప్రశ్నలోకి వెళ్ళిపోయాడు. సారునేం అనగలం, అంత పెద్ద క్లాసులో ఒక్కొక్కరి చేత ఎంతని మాట్లాడించగలరు? అమీర్‌పేటలో డబ్బులు కట్టి స్పోకెన్‌ ఇంగ్లీషులో చేరాల్సి వచ్చింది. అక్కడ ధైర్యం వాళ్ళు నేర్పారు. 'రైజ్‌'కీ 'రేజ్‌'కీ తేడా మాత్రం నా పక్క కుర్చీవాడికి నేనే చెప్పాను, మన గేట్ల లెక్కతో సహా.