మూడు నెలలు కీలకపదాల వెంట

నా వెబ్‌సైట్ గూగుల్‌లో ఎంత వెతికినా కనిపించకపోవడంతో, ప్రతి పేరాలోనూ జనం వెతుకుతారనుకున్న ఒకే కీలకపదాన్ని (కీవర్డ్) పదేపదే చొప్పిస్తూ, పాఠకులకు కనిపించకుండా పేజీ కోడ్‌లో ఉండే మెటా ట్యాగ్‌లో మరిన్ని పదాలు పేరుస్తూ మూడు నెలలు గడిపాను. నిన్న గూగుల్‌లో మన సైట్ స్థితిని చూపే సెర్చ్ కన్సోల్ తెరిచి చూసినప్పుడు అసలు కారణం తెలిసింది: నిర్మాణ దశలో పెట్టిన, పేజీని సెర్చ్ ఫలితాల్లో చూపవద్దని చెప్పే 'నోఇండెక్స్' ఆదేశం అన్ని పేజీల్లోనూ అలాగే ఉండిపోయింది.

సెర్చ్ ఇంజిన్ ముందుగా క్రాలర్ అనే ప్రోగ్రామ్ ద్వారా లింకుల వెంబడి పేజీలను చేరుకుంటుంది, చదివినవాటిలో తగినవాటిని ఇండెక్స్ అనే తన జాబితాలో చేర్చుకుంటుంది, ఎవరైనా ఏదైనా వెతికినప్పుడు ఆ ఇండెక్స్‌లో ఉన్నవాటికే వరుసక్రమం నిర్ణయిస్తుంది. అందులో చోటే లేని పేజీకి ర్యాంకు అన్న మాటే ఉండదు. పైగా నేను అంత శ్రద్ధగా నింపిన కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ప్రకటనలకు డబ్బు కడితే మామూలు ఫలితాల్లోనూ పైకి వస్తామని చెప్పినవారున్నారు. అదీ నిజం కాదు. ఇతర సైట్ల నుంచి లింకులు కొనమన్న సలహా ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే పేజీల ప్రాముఖ్యతను లెక్కగట్టే గూగుల్ పద్ధతి పేజ్‌ర్యాంక్ ఆలోచన పుట్టిందే లింకును ఒక సిఫారసుగా చూడటం నుంచి, అలాంటి కృత్రిమ సిఫారసుల విలువ తగ్గించడానికే 2012లో గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చింది.

ఈ ఉదయం ఆ ఆదేశాన్ని తొలగించి, శీర్షికలను విషయానికి తగినట్టు తిరగరాసి, సైట్‌లోని పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌ను గూగుల్‌కు మళ్లీ సమర్పించాను. క్రాలర్ తిరిగి వచ్చి చదవడానికి రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు.