పెద్దమ్మ పచ్చళ్లకు లేబుల్ వేసిన ఏడాది

2022 చివర్లో, నాన్నగారికి ఆరోగ్యం బాగుండకపోవడంతో, హైదరాబాదులో పదకొండేళ్లుగా చేస్తున్న అకౌంట్స్ ఉద్యోగం మానేసి రావులపాలెం దగ్గరున్న మా ఊరు వచ్చేశాను. మా పక్కవీధిలోనే ఉండే పెద్దమ్మ ఇరవై ఏళ్లుగా పచ్చళ్లు పెట్టి అమ్ముతోంది. ఎండాకాలం వస్తే ఆమె పెరట్లో ఐదుగురు ఆడవాళ్లకు పని దొరుకుతుంది. ఆ సంక్రాంతికి హైదరాబాదులోని ఒక దుకాణం వారు ఆమె ఆవకాయ రుచి చూసి పెద్ద ఆర్డరు ఇస్తామన్నారు గాని, సీసా మీద ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, సరుకుతో జీఎస్టీ బిల్లు ఉండాలన్నారు. "లెక్కలు చదువుకున్నదానివి, ఆ కాగితాలేవో నువ్వే చూడమ్మా" అంది పెద్దమ్మ. నెల రోజుల పని అనుకుని ఒప్పుకున్నాను. చివరి రూపాయి ఆమె ఖాతాలో పడేసరికి పదిహేను నెలలు పట్టింది.

ఆహార రిజిస్ట్రేషన్ తేలిగ్గానే అయింది. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలు ఉన్నవారికి అప్పట్లో లైసెన్సు అవసరం లేదు, రిజిస్ట్రేషన్ చాలు. దానికి ఏడాదికి 100 రూపాయలు కడితే పద్నాలుగు అంకెల నంబరు వచ్చేది. చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యం నమోదుకైతే అసలు రుసుమే లేదు. కానీ నేను మొదట తెరిచిన వెబ్‌సైటు అచ్చం ప్రభుత్వానిదిలా కనిపిస్తూ డబ్బు అడిగింది. అనుమానం వచ్చి ఆగాను. కొత్తగా నమోదు చేసుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టింది పేరు. ఆధార్‌లో పెద్దమ్మ ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్ కార్డులో ఒక్క పొడి అక్షరం ఉంది, కరెంటు బిల్లు ఆరేళ్ల క్రితం పోయిన పెదనాన్నగారి పేరు మీదే వస్తోంది. ఈ మూడింటినీ ఒక దారికి తెచ్చేసరికి రెండు నెలలు గడిచిపోయాయి.

జీఎస్టీ విషయంలో నేనూ పొరబడ్డాను. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవారికి 40 లక్షల వరకు నమోదు అక్కర్లేదు కాబట్టి మాకు ఆ బాధ లేదనుకున్నాను. కానీ హైదరాబాదు ఇప్పుడు మరో రాష్ట్రంలో ఉంది. రాష్ట్రం దాటి పన్ను ఉన్న సరుకు అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు తప్పనిసరి. మన ఊరి పచ్చడి హైదరాబాదు వెళ్లడం అంతర్రాష్ట్ర వ్యాపారం అంటే పెద్దమ్మ చాలాసేపు నమ్మలేదు.

ఇక లేబుల్. అందులో వాడిన పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలి. కొలతలన్నీ ఊళ్లో వాళ్లకు చెప్పెయ్యాలా అని పెద్దమ్మ కలవరపడితే, కొలత అక్కర్లేదని, వరుస మాత్రమే అడుగుతున్నారని నచ్చజెప్పాను. అయితే ఆ వరుస తేలాలన్నా తూకం కావాలి కదా, ఆమె దగ్గర ఉన్నదల్లా అంచు అరిగిపోయిన ఒక ఇత్తడి తవ్వ. నేను కాటా పక్కన పెట్టుకుని ఆమె పోసిన ప్రతి తవ్వనూ తూచి రాసుకున్నాను. ఆవపిండి, కారం దాదాపు ఒకేలా తూగాయి గాని, ఉప్పు మూడుసార్లు కొలిస్తే మూడు తూకాలు చూపించింది. మెత్తగా దంచిన ఉప్పు తవ్వలో కిక్కిరిసి కూర్చుంటుంది, రవ్వగా ఉన్నది సందులు వదులుతుంది, చెమ్మ తగిలింది ఇంకా బరువెక్కుతుంది. మరి ఇరవై ఏళ్లుగా రుచి ఎలా మారకుండా ఉందని ఆలోచిస్తూ ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాను. పోసే ముందు ఆమె ప్రతిసారీ చిటికెడు ఉప్పు వేళ్ల మధ్య నలిపి చూస్తోంది. మెత్తగా ఉంటే తవ్వను వేలెడు వెలితిగా పోస్తోంది, గరుకుగా ఉంటే గోపురంగా పోస్తోంది. ఈ సంగతి అడిగితే ఆమె చెప్పలేకపోయింది, అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. పదకొండేళ్లు ఎన్నో కంపెనీల సరుకు లెక్కలు రాశాను గాని, ఒక అంకె వెనక ఒక మనిషి వేళ్లను చూడటం నాకు అదే మొదలు. ఆ రోజు నుంచి ఆ పని నాకు పెద్దమ్మ కోసం చేసే సాయంలా కాక, నా పనిలా అనిపించింది. సీసాలు నింపడం కూడా మూడోనాడు తిరగకలిపి, మళ్లీ నూనె పోశాకే అని నిర్ణయించాం. అంతకు ముందు నింపితే లేబుల్ మీద వేసిన బరువు నిజం కాదు.

యంత్రాల కోసం కేంద్ర ప్రభుత్వపు పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద అప్పుకు దరఖాస్తు చేశాం. 2020లో మొదలైన ఈ పథకంలో చిన్న ఆహార పరిశ్రమలకు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ ఉండేది. కనీసం 10 శాతం మనం పెట్టుకోవాల్సి వచ్చేది. పిండి మర, సీలు వేసే యంత్రం, స్టీలు డ్రమ్ములు, బల్లలు కలిపి మా అంచనా 4 లక్షలు. అందులో మా వాటా 40 వేలు, బ్యాంకు అప్పు 3,60,000. ఆ అప్పులో తర్వాత తగ్గే రాయితీ 1,40,000. జిల్లాలో ఇందుకోసమే నియమించిన రిసోర్స్ పర్సన్ ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసి ఇచ్చారు, మా దగ్గర పైసా తీసుకోలేదు. రాయితీ మన చేతికి ముందే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది బ్యాంకులోనే విడిగా ఉంటుంది, మూడేళ్లు వాయిదాలు సరిగ్గా కట్టి వ్యాపారం నడుస్తుంటేనే అప్పులో సర్దుతారు. పెద్దమ్మకు ఈ సంగతి ముందే వివరంగా చెప్పాను. అప్పు ఎంతో, ఎందుకో తెలియకుండా ఆమె సంతకం చెయ్యకూడదని నా పట్టుదల.

2023 జూన్‌లో 1,86,000 రూపాయల సరుకు హైదరాబాదు వెళ్లింది. జనవరి వచ్చినా డబ్బు రాలేదు. ఫోను చేస్తే వచ్చే వారం అనేవారు. ఈలోగా వాయిదాలు మొదలయ్యాయి. అయినా ఐదుగురికీ శనివారం కూలి ఒక్కసారీ ఆగలేదు, పెద్దమ్మ చేతి గాజులు మాత్రం తాకట్టుకు వెళ్లాయి. ఆ సంగతి నాకు రెండు నెలల తర్వాత తెలిసి నిద్ర పట్టలేదు. చిన్న పరిశ్రమల కోసం 2006లో చేసిన చట్టాన్ని కూర్చుని చదివాను. ఉద్యంలో నమోదైన చిన్న తయారీదారుకు, ఒప్పందం ఏదైనా సరే, కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. పైగా 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో కొత్త నిబంధన వచ్చింది. గడువు దాటిన ఇలాంటి బాకీ మార్చి 31 లోపు తీర్చకపోతే, కొన్నవారు దాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. సరుకు పంపేనాటికే మాకు ఉద్యం నంబరు ఉండటం కలిసొచ్చింది. ఆ పత్రం, బిల్లు, సరుకు అందినట్టు వాళ్లు చేసిన సంతకం జతచేసి మార్చి మొదట్లో మర్యాదగానే ఉత్తరం రాశాను. చెల్లించకపోతే, ఇలాంటి బాకీలపై ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తామని చివర్లో చేర్చాను. మార్చి 28న అసలు మొత్తం పడింది. వడ్డీ కూడా అడగాల్సిందేనని నేను ఇప్పటికీ అంటాను. పెద్దమ్మ వద్దంది. వ్యాపారం ఆమెది, మాట ఆమెదే.

మర్నాడే గాజులు విడిపించుకొచ్చాం. ఆ తర్వాత ఆర్డర్లలో సగం డబ్బు ముందే తీసుకుంటున్నాం.

పోయిన వేసవిలో, కాయలు కొట్టే ఐదుగురిలో ఒకావిడ సాయంత్రం పని అయ్యాక మా ఇంటికి వచ్చి, తాను పెట్టే గుమ్మడి వడియాలకు కూడా ఆ నంబరు తీసుకోవచ్చా అని అడిగింది. ఆధార్, పాన్ కార్డులు రెండూ తెచ్చుకుంది. తెరిచి చూస్తే రెండింట్లోనూ పేరు ఒకేలా ఉంది, పెద్దమ్మ అవస్థ చూసి ముందే సరిచేయించుకుందట. ఇద్దరం కూర్చుని అరగంటలో దరఖాస్తు నింపాం. వెళ్తూ వెళ్తూ, పెద్దమ్మ కాటా ఒక పూట అరువు ఇస్తుందేమో కనుక్కోమంది.