చివరి రోజు చెప్పని రైలు

2025 జూలై 7వ తేదీ తెల్లవారుజామున, వీధి చివరి గుడి మైకులో సుప్రభాతం ఇంకా ముగియకముందే, ఫ్లోరిడాలో ఉంటున్న మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పటికింకా 6వ తేదీ సాయంత్రమే. తెర మీద ముందు మా మనవడి ముఖం, వెనుక తెల్లని చక్రపు నౌక, ఆ నౌక అంచుల వెంట ఫోన్లు పైకెత్తి నిలబడిన జనం కనిపించారు. "అవ్వా, నువ్వు కూర్చున్న పడవే ఇది. రేపట్నుంచి ఉండదంట" అన్నాడు వాడు. ఆ మాట అంటూనే గొంతు పూడుకుపోయి, ఫోను వాళ్లమ్మ చేతిలో పెట్టేశాడు. పదేళ్ల పిల్లవాడు ఒక పడవ కోసం కళ్లనీళ్లు పెట్టుకోవడం నాకు వింతగా తోచలేదు. ఎందుకు తోచలేదో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటూ, ఇప్పటికి రాయగలుగుతున్నాను.

2019 వేసవిలో నేను వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఆర్లాండో పక్కనున్న డిస్నీ వాళ్ల వినోదాల పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు తీసుకువెళ్లారు. తిరుపతి ఎండల్లో పుట్టి పెరిగినదాన్నే అయినా, అక్కడి ఉక్కపోతకు మధ్యాహ్నానికల్లా నా కాళ్లు వాచిపోయాయి. ఎక్కడ చూసినా వరుసలు, పిల్లల బండ్లు, పాటలు. అప్పుడు మా అమ్మాయి నన్ను ఆ నౌక ఎక్కించి, చెక్క కటకటాల పక్కన ఒక కుర్చీ చూపించింది. నాలుగేళ్ల మనవడు నా ఒడిలో ఒదిగి నిద్రపోయాడు. నౌక కదిలిన కాసేపటికి పార్కు చప్పుడంతా వెనుకబడి, నీటి మీది గాలి, వెనుక చక్రం నీళ్లను కొట్టే శబ్దం మాత్రమే మిగిలాయి. కూత వినిపించగానే వాడు ఉలిక్కిపడి లేచి, కళ్లు నులుముకుంటూ "ఇంకొక్క చుట్టు" అన్నాడు. ఆ రోజు మేము మూడు చుట్లు తిరిగాము. అంత పెద్ద పార్కులో నాకు నిలువునా గుర్తున్న చోటు అదొక్కటే.

ఆ నౌక పేరు లిబర్టీ బెల్. 1973లో మరో పేరుతో నీటిలోకి దిగి, 1996లో ఈ పేరు పెట్టుకున్నది. బొమ్మ కాదు, నిజంగా ఆవిరితో నడిచిన నౌక, అయితే దారి తప్పకుండా నీటి అడుగున ఒక పట్టాను పట్టుకుని సాగేది. అది తిరిగిన నదిని 1971లో పార్కు తెరిచిన నాటికే తవ్వి సిద్ధం చేశారు. నది మధ్యనున్న టామ్ సాయర్ ద్వీపాన్ని 1973లో తెరిచారు. ఆ ద్వీపంలో పీపాల మీద పరిచిన ఊగే వంతెన, చీకటి గుహలు, ఒక కోట ఉండేవి. యంత్రమేదీ పిల్లలను మోసుకుపోదు, వాళ్లే పరుగెత్తాలి. నదినీ, ద్వీపాన్నీ, నౌకనూ తీసేసి ఆ స్థలంలో మాట్లాడే కార్ల యానిమేషన్ చిత్రాల లోకాన్ని కడతామని డిస్నీ సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించింది.

ప్రకటన వెలువడిన నాటి నుంచీ అభిమానులు రెండుగా చీలిపోయారు. నీరూ చెట్లూ ఉన్న ప్రశాంతమైన చోటు పార్కుకు ఊపిరి వంటిదనీ, దాన్ని పూడ్చితే మిగిలేది వరుసలేననీ ఒక వర్గం వాదించింది. చాలా మంది నౌకను దూరం నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోతారే తప్ప ఎక్కరనీ, అంత స్థలాన్ని అలా వదిలెయ్యడం సరికాదనీ రెండో వర్గం అన్నది. మా అల్లుడు రెండో వర్గం. "పాతవన్నీ ఉంచుకుంటే కొత్తవి ఎక్కడ పెడతారు అత్తమ్మా?" అని నన్ను నిలదీశాడు. ఊహ మిగిలి ఉన్నంత కాలం డిస్నీల్యాండ్ పూర్తి కాదని స్వయంగా వాల్ట్ డిస్నీ చెప్పిన మాటను కూడా ఈ వర్గం ఎప్పుడూ ముందుకు తెస్తుంది. అది కొట్టిపారేయదగిన మాట కాదు. యంత్రాలు అరిగిపోతాయి, విడిభాగాలు దొరకవు, కొత్త తరానికి పాత కథలు తెలియవు. తీసేసే హక్కు యజమానికి ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది మరొకటి ఉన్నది. ఏడ్చేవాళ్లను చూసి "ఒక రైడ్ కోసం ఇంత రాద్ధాంతమా?" అని తేలికగా తీసేయడం. పెళ్లైన కొత్తలో ఎక్కిన పడవ, తర్వాత బిడ్డతో ఎక్కిన పడవ, చనిపోయిన తండ్రి పక్కన కూర్చున్న పడవ ఒకటే అయినప్పుడు, అది పోతే ఆ ముగ్గురి మధ్యనున్న ముడి ఊడినట్టు ఉంటుంది. అలా ముడిపడమని పిలిచింది కూడా ఆ పార్కులే. "జ్ఞాపకాలు" అనే మాటను దశాబ్దాలుగా ప్రకటనల్లో వాడుకున్నవాళ్లు, ఆ జ్ఞాపకాలను నిజంగా దాచుకున్నవాళ్లు బాధపడితే ఆశ్చర్యపోకూడదు.

స్ప్లాష్ మౌంటెన్ సంగతి ఇంకా చిక్కైనది. దుంగ ఆకారపు పడవలో ఎక్కించి, చివర సుమారు 50 అడుగుల ఎత్తు నుంచి నీటిలోకి జార్చే ఆ రైడ్‌ను కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1989లోనూ, ఫ్లోరిడాలో 1992లోనూ తెరిచారు. దాని కథ 1946 నాటి ఒక డిస్నీ చిత్రం నుంచి తీసుకున్నది. నల్లజాతీయులను చిత్రించిన తీరు వల్ల తీవ్రమైన విమర్శకు గురైన ఆ చిత్రాన్ని అమెరికాలో ఇంట్లో చూసుకునే వీడియోగా సంస్థ ఏనాడూ విడుదల చేయలేదు. 2020 జూన్‌లో ఈ రైడ్‌ను నల్లజాతి యువరాణి టియానా కథతో మారుస్తామని ప్రకటించినప్పుడు, మార్చాలని కోరినవాళ్లూ వద్దని కోరినవాళ్లూ పోటాపోటీగా సంతకాలు సేకరించారు. నా మటుకు నాకు ఆ మార్పు న్యాయమైనదే. ఒక బిడ్డ నవ్వుతూ జారే చోట మరో బిడ్డ తాతముత్తాతలకు జరిగిన అవమానపు నీడ ఉండకూడదు. కానీ ముప్పై ఏళ్లుగా దాన్ని ఎక్కినవాళ్లలో ఎక్కువ మందికి ఆ చిత్రం పేరే తెలియదు. వాళ్లకు తెలిసింది కుందేలు, ఆ పాటలు, చివరి జారుడులో అరిచిన అరుపు. మార్పు న్యాయమైనదనీ, వాళ్ల దుఃఖం నిజమైనదనీ ఒకే నోటితో చెప్పవచ్చు. అలా చెప్పేవాళ్లు ఆ రెండు వర్గాల్లోనూ నాకు తక్కువగా కనిపించారు.

2023 జనవరిలో ఫ్లోరిడాలోని ఆ రైడ్ మూతపడిన రోజుల్లో, దాని నీళ్లను సీసాల్లో పట్టి ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో అమ్మకానికి పెట్టారన్న వార్త చదివి మా ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం మా ఊరి జాతర గుర్తుకొచ్చింది. మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర ఆఖరి తెల్లవారుజామున, మట్టితో మలచిన అమ్మవారి విశ్వరూపాన్ని దర్శించుకోవడానికి ఊరంతా కదిలి వస్తుంది. ఆ మట్టి రూపపు చెంప నరికే ఘట్టం పూర్తి కాగానే ఆ మట్టి కోసం జనం ఒకరి మీద ఒకరు పడతారు. మా అమ్మ చీర కొంగులో ముడివేసుకుని తెచ్చిన చిటికెడు మట్టిని దేవుడి గూట్లో ఏడాదంతా ఉంచేది. భక్తినీ వినోదాన్నీ ఒక తక్కెడలో తూయడం లేదు, అలా తూస్తే మా అమ్మ నన్ను క్షమించదు. పోతున్నదాని నుంచి కాస్తంత ఇంటికి తెచ్చుకోవాలన్న ఆరాటం మాత్రం మనుషులందరిదీ ఒకటే. అందుకే ఆ సీసాను చూసి నవ్వలేకపోయాను.

అభిమానులు పోరాడితే ఫలితం ఉంటుందా అని అడిగేవాళ్లకు రెండు ఉదాహరణలు చెప్పవచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మిస్టర్ టోడ్ అనే కప్ప దొరగారి కారు రైడ్‌ను తీసేస్తారని తెలిసినప్పుడు అభిమానులు పచ్చ చొక్కాలు వేసుకుని పార్కులోనే శాంతియుతంగా గుమిగూడి నిరసన తెలిపారు. అయినా అది 1998 సెప్టెంబరులో మూతపడింది. ఆ స్థలంలో మరుసటి ఏడాది విన్నీ ద పూ అనే ఎలుగుబంటి కథల రైడ్ వచ్చింది. కానీ కొత్త రైడ్ లోపల, ఆ కప్ప దొర ఇంటి దస్తావేజును ఎలుగుబంటి కథల్లోని గుడ్లగూబ చేతికి అందిస్తున్న బొమ్మను ఒకదాన్ని గోడకు వేలాడదీశారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న మరో డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో ఫిగ్మెంట్ అనే ఊదారంగు డ్రాగన్ పిల్ల సంగతి ఇందుకు భిన్నం. 1999లో కొత్తగా తెరిచిన రైడ్‌లో దాన్ని దాదాపుగా పక్కన పెట్టేస్తే సందర్శకుల ఫిర్యాదులు ఆగలేదు. 2002లో దాన్ని తిరిగి తీసుకురాక తప్పలేదు. ఓడిన చోట ఒక బొమ్మ దక్కింది, గెలిచిన చోట డ్రాగనే దక్కింది. ఆ దస్తావేజు బొమ్మను గోడకు పెట్టాలని తలచిన మనిషి ఎవరో గానీ, వారికి మనసులో దండం పెట్టుకున్నాను.

మా మనవడికి నౌక తర్వాత అంత ఇష్టమైనది ఎప్‌కాట్‌లోని ఫ్రోజెన్ అనే డిస్నీ చిత్రం కథతో నడిచే పడవ రైడ్. ఆ చిత్రంలోని ఎల్సా పాట వచ్చే చోట వాడు చేతులు చాచి కూర్చుంటాడు. 2014 అక్టోబరు దాకా అక్కడ 1988లో తెరిచిన నార్వే పడవ ప్రయాణం ఉండేదనీ, వైకింగులనూ మంత్రాల భూతాలనూ ప్రేమించినవాళ్లు అది పోయినప్పుడు ఎంతగానో కుమిలిపోయారనీ, 2016లో వచ్చిన కొత్త రైడ్‌కు ఆ పాత నీటి దారినే వాడుకున్నారనీ వాడికి చెప్పాను. వాడు చాలాసేపు ఆలోచించి, "అయితే నేను కూర్చునేది వాళ్ల పడవలోనా?" అని అడిగాడు. అవునన్నాను. రేపు ఫ్రోజెన్‌ను కూడా తీసేస్తే వీడు ఏడుస్తాడు, అప్పుడు పుట్టిన పిల్లలు వీడిని చూసి ఆశ్చర్యపోతారు.

మన దేశంలో ఇటువంటి వీడ్కోలు తక్కువే. ఢిల్లీలోని అప్పూ ఘర్ 1984లో తెరుచుకుని, 2008లో మూతపడినప్పుడు ఆఖరి రోజుల్లో కుటుంబాలు పిల్లలతో తరలి వెళ్లడం పత్రికల్లో చదివాను. ఊరి పార్కులకు ఆ పాటి గౌరవం కూడా దక్కదు.

తిరుపతిలో మేము కాపురం పెట్టిన రోజుల్లో ఒక పిల్లల పార్కులో చిన్న రైలు ఉండేది. నాలుగు పెట్టెలు, గులాబీ రంగు పలచని టిక్కెట్టు, వేప చెట్ల చుట్టూ రెండు చుట్లు. మా అమ్మాయి ఎప్పుడూ మూడో పెట్టెలోనే కూర్చునేది. వేరే పిల్లలు ఎక్కి ఉంటే తర్వాతి చుట్టు దాకా ఆగేది. 1997 వేసవి సెలవులకు చిత్తూరులో మా పుట్టింటికి వెళ్లి వచ్చిన మొదటి ఆదివారం పార్కుకు వెళితే రైలు లేదు. పట్టాలు కూడా లేవు. కాపలా మనిషిని అడిగితే, "అది ఎత్తేసినారు కదమ్మా, పోయిన వారమే" అన్నాడు. ఎందుకు తీసేశారో, ఎక్కడికి తీసుకుపోయారో అతనికీ తెలియదు. గేటు దగ్గర ఒక అట్టముక్క మీదైనా ఎవరూ ఏమీ రాసి పెట్టలేదు.

తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఏడవలేదు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, పట్టాలు పీకేసిన చోట మట్టిలో మిగిలిన రెండు గీతల మధ్య నడుస్తూ వేప చెట్ల చుట్టూ ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చింది. రైలు ఎక్కడ మలుపు తిరిగేదో అక్కడ తానూ మలుపు తిరిగింది. తర్వాత ఇంటికి పోదామన్నది. ఆ పార్కు మాట మళ్లీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

2025లో ఆ నౌక ఆఖరి రోజున పని మానుకుని, బిడ్డను వెంటబెట్టుకుని, ఎండలో అంత దూరం ఎందుకు వెళ్లావని ఫోనులో అడిగాను. "వీళ్లు ముందే చెప్పారు కదమ్మా" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు. దాదాపు పదకొండు నెలల ముందే తెలిసిన వీడ్కోలు అది. ముందుగానే రోజు తెలిసింది కాబట్టి మనవడు మూడు చుట్లూ తిరిగాడు, పీపాల వంతెన మీద గెంతాడు, నౌక సిబ్బందికి చెయ్యి ఊపాడు, కడుపారా ఏడ్చాడు. ఏ యజమాని ఏ రైడ్ తీసేసినా నేను అడిగేది ఇంతే: తేదీ చెప్పండి, ఒక ఆఖరి చుట్టు తిరగనివ్వండి, గోడ మీద ఒక బొమ్మకు చోటివ్వండి.

మా రైలుకు మిగిలింది ఒకే ఒక్క ఫొటో. అందులో మూడో పెట్టె కిటికీలో మా అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. ఇంజను ఫొటో అంచు బయటే ఉండిపోయింది. అది ఎరుపని నేను అంటాను, ఆకుపచ్చ అని మా ఆయన అంటారు. నీలం అని మా అమ్మాయి ఇప్పటికీ గట్టిగా చెబుతుంది.